పాలు కలవని బిస్కెట్లు

పెద్దమ్మ పోయిన మూడో రోజు, కాకి ముట్టాలని పిట్టకు పెట్టేటప్పుడు ఇద్దరు మగవాళ్లు చాయ్ గురించి కొట్లాడుకున్నారు.

చౌటుప్పల్ శివారులో, హైవే మీది లారీల చప్పుడు వినపడేంత దూరంలో, పెద్దమ్మకు ఇష్టమైనవన్నీ విస్తరిలో సర్దారు. అన్నం, యాట కూర, గారెలు, ఆకూ వక్కా. కొడుకు ఫ్లాస్కులోంచి పాల చాయ్ గ్లాసులోకి వంచి విస్తరి పక్కన పెట్టబోతే, ఆమె తమ్ముడు చెయ్యి పట్టుకున్నాడు.

"పాల చాయ్ ఎట్ల పెడ్తవ్‌రా? అక్క కాశిల పాలు ఇడిసింది గదా."

"ఇడిసింది బతికున్నన్ని దినాలకే మామా. సచ్చినంక ఒట్టేంది?"

"ఒట్టు ఒట్టే. గంగల నిలవడి జెప్పిన మాట."

"గిన్నేండ్లు నోరు కట్టుకున్నది. గిప్పుడన్న తాగనీ."

చివరికి రెండు గ్లాసులు పెట్టారు. ఒకటి పాలతో, ఒకటి పాలు లేకుండా. అందరం వెనక్కి జరిగి నిలబడ్డాం. చాలాసేపటికి ఒక కాకి వచ్చింది. రెండు గ్లాసుల మధ్య నుంచి నడిచి, యాట కూరలోంచి ముక్క ఎత్తుకుని ఎగిరిపోయింది.

"యాట కూర ఇడువలే గదా!" అంది వెనక నుంచి ఒక ముసలావిడ. తల వంచుకుని నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు నేను ఆ ఊరి కాలేజీ లైబ్రరీకి బదిలీ మీద వచ్చాను. పెద్దమ్మ ఇంటి మీది గదులు కిరాయికి తీసుకున్నాను. వీధంతా ఆమెను పెద్దమ్మ అనే పిలిచేది. నేనూ అలాగే పిలిచాను. ఆమె నన్ను సారూ అనేది. చిన్న విషయాల్లో ఆ మనిషి నాకు ఎప్పుడూ పూర్తిగా అర్థం కాలేదు. పెద్ద విషయాలు ఆమె నాతో మాట్లాడలేదు.

వాళ్లది చేనేత ఇల్లు. కింద వసారాలో కొడుకు మగ్గం ఉండేది. పెద్దమ్మ చిన్నప్పటి నుంచీ ఆసు పోసింది. అంటే, నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పే పని. చెయ్యి ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లి వస్తూనే ఉండాలి. ఆసుకు మిషన్ వచ్చాక ఆమె ఆ పని మానేసింది, కానీ చేతికి అలవాటు పోలేదు. మాట్లాడుతుంటే కుడి చెయ్యి గాలిలో అర్ధవృత్తంగా అటూ ఇటూ పోతూ ఉండేది. చెయ్యి ఆగిందంటే ఆమె ఏదో తేల్చుకుంటున్నదని ఇంట్లో అందరికీ తెలుసు. కోడలు గిన్నెలు కడుగుతూ కూడా ఆ చెయ్యి మీద ఒక కన్ను వేసి ఉంచేది.

కాశీకి వెళ్లినవాళ్లు తమకు ఇష్టమైనదొకటి అక్కడ వదిలి రావాలంటారు. ఈ లెక్కలో జనం తెలివిగా ఉంటారు. పెద్దమ్మ వెళ్లిన యాత్ర బస్సులో ఒకావిడ సొరకాయ వదిలింది. పెద్దమ్మ భర్త కాకరకాయ వదిలాడు. పెద్దమ్మ పాలు వదిలింది. పాలతోపాటు చాయ్, పెరుగు, నెయ్యి అన్నీ పోయాయి. పొయ్యి మీద చాయ్ గిన్నె దించకుండా పని చేసిన మనిషి ఆమె అని ఆ వీధిలో అందరూ చెప్పేవారు.

ఎందుకని అడిగితే ఒక్కోసారి ఒక్కో జవాబు చెప్పేది.

"పంతులు ఇష్టమైంది ఇడువుమన్నడు. చాయ్‌ని మించి నాకేమిష్టం సారూ? ఉత్త చాయే ఇడుస్తె, పాలు కాగవెట్టుకోని తాగుదును. నన్ను నేను ఎరుగనా? అందుకే పాలే ఇడిసిన."

ఇంకోసారి, ఏడాది తర్వాతేమో, బట్టలు ఆరేస్తూ తనంతట తానే అంది. "మా ముసలోడు కాకరకాయ ఇడిసిన అని గంగల మునిగిండు. జన్మల దాని మొఖం సూసినోడు గాదు. నాకు సిగ్గయింది. ఇంటికి ఒక్కలన్న నిజమైంది ఇడువాలె గద."

"ఆయన ఏమన్నాడు?"

"ఏమంటడు? ఇంటికి రాంగనే చాయ్ పెట్టుమన్నడు. పెట్టిన."

నేను వచ్చేసరికి ఆయన లేడు. అంతకు చాలా ముందు ఒక దసరాకు ఆయన కడుపునొప్పితో సర్కారు దవాఖానలో పడుకున్నాడు. పెద్దమ్మ వెంట ఉంది. ఎవరో పుణ్యాత్ములు పండుగని పాయసం తెచ్చి పంచారు. ఆయనను బాత్‌రూమ్‌కు నడిపిస్తూ, ఒక చేత్తో సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని ఉందట ఆమె. ఆకు దొప్పలో వేడి పాయసం ఇంకో చేతిలో పెట్టి వాళ్లు వెళ్లిపోయారు. తినడానికి మూడో చెయ్యి లేదు. ఉన్నా లాభం లేదు, అందులో పాలు. ఆయన బాగై ఇంటికి వచ్చాడు. మరుసటి దసరా నుంచి పెద్దమ్మ ఏటా దవాఖానకు, ఒక్క చేత్తో తినగలిగే బిస్కెట్లు తీసుకుపోయేది. "ఒక చేతుల సెలైన్ బుడ్డి, ఒక చేతుల పండుగ. గట్లుండాలె," అనేది.

రోగులకు కాదు, వాళ్ల వెంట వచ్చినవాళ్లకు. షెడ్డు కింద చాపలేసుకుని, గిన్నెలూ మూటలూ పక్కన పెట్టుకుని ఉండేవాళ్లకు. వాళ్లందరినీ ఆమె బీదోళ్లనేది. వాళ్లలో కొందరికి సొంత ట్రాక్టర్లు కూడా ఉంటాయి కదా, వాళ్లు బీదవాళ్లెలా అవుతారని ఒకసారి అడిగాను.

"పండుగ పూట దవాఖానల ఉన్నోడే బీదోడు సారూ. ట్రాక్టర్ ఉంటె ఏంది, దాన్ని తింటడా?"

మా ఊరి బేకరీల్లో మన పిండి మనం తీసుకుపోతే బిస్కెట్లు చేసి ఇస్తారు. దసరాకు రెండు రోజుల ముందు పెద్దమ్మ గోధుమపిండి, జొన్నపిండి, బెల్లం, పల్లినూనె, ఇంట్లో వేయించిన నువ్వులు సంచిలో పెట్టుకుని పోయేది. అందరి బిస్కెట్లకూ డాల్డా, పాలు పడతాయి. ఈమె వాటికి పడవు. గుడ్డు తాను తినేది గానీ అందులో వేయనిచ్చేది కాదు. దవాఖానలో ఎవరు ఏ ఒక్కపొద్దులో ఉంటారోనని. పిండి చపాతీలా ఒత్తి, తాను ఒకప్పుడు చాయ్ తాగిన చిన్న గాజుగ్లాసు బోర్లించి గుండ్రంగా కోసేది. బట్టిలోంచి ట్రే బయటికి రాగానే ఒకటి తీసి, చెవి దగ్గర పెట్టుకుని విరిచి, ఆ చప్పుడు వినేది. తర్వాత నోట్లో వేసుకుని కళ్లు మూసుకునేది. అప్పటిదాకా ఎవరూ ట్రే ముట్టకూడదు.

"దేవునికి ఎంగిలి చెయ్యద్దు. మనిషికి రుచి సూడకుంట పెట్టద్దు," అనేది. ఎక్కడైనా విన్న మాటా, తానే కట్టుకున్నదా అంటే, "రెండూ" అంది.

ఒక ఏడు బేకరీ మాస్టరు ఆమె మీది అభిమానంతో, నిగనిగలాడాలని, బట్టిలో పెట్టేముందు ప్రతి బిస్కెట్ మీదా బ్రష్షుతో పాలు పూశాడు. ట్రే బయటికి వచ్చాక గర్వంగా చెప్పాడు కూడా. పెద్దమ్మ చెయ్యి ఆగింది.

"పాలు పూసినవా?"

"రవ్వంత, మీదమీద. మెరుపు కోసం. పేదోళ్లకు బలం గూడ."

"బలం డాక్టర్లు సూసుకుంటరు. గీటిని నేను నోట్ల పెట్టుకోరాదు. నోట్ల పెట్టుకోరానిది నేనెట్ల ఇయ్యాలె?"

"నేను తిని జెప్త, పెద్దమ్మా."

"నువ్వు చేసినోనివి. నీది నీకు మంచిగనే ఉంటది."

ఆ ట్రేలన్నీ మాస్టరుకే వదిలేసి, ఇంటికి పోయి మళ్లీ పిండి తెచ్చింది. మాస్టరు వాటిని నెలంతా దుకాణంలో అమ్ముకున్నాడు. అవి బాగున్నాయని ఊళ్లో చెప్పుకున్నారు. పెద్దమ్మ ఆ మాట విని సంతోషంగా తలూపింది.

కరోనా రెండోసారి వచ్చిన ఏడు ఇంట్లో అందరికీ జ్వరం వచ్చి పోయింది. పెద్దమ్మకు జ్వరంతోపాటు రుచీ వాసనా పోయాయి. అందరికీ తిరిగి వచ్చాయి. ఆమెకు రాలేదు. మొదట ఎవరికీ చెప్పలేదు. ఒక రోజు మామిడికాయ తొక్కు పచ్చడిని అన్నం ముద్దలో కలుపుకోకుండా, ముక్కకు ముక్క తినేస్తుంటే కోడలు చూసింది.

దసరా దగ్గర పడింది. బిస్కెట్లు తయారై ఇంటికి వచ్చాయి. పెద్దమ్మ ఒకటి చెవి దగ్గర విరిచింది, నోట్లో వేసుకుంది, కళ్లు మూసుకుంది. అలా చాలాసేపు ఉంది. కళ్లు తెరిచి ఇంకోటి కోడలి చేతిలో పెట్టింది.

"మంచిగున్నయ్ అత్తమ్మా."

"నీకు నేను మన్ను వండి పెట్టినా మంచిగున్నదే అంటవ్."

"గది గూడ తప్పేనా?" అంది కోడలు.

"ఇయ్యాల తప్పే." నా వైపు తిరిగింది. "సారుకు షుగరు. ఆయన సాక్ష్యం చెల్లదు."

కొడుకు తినకముందే బాగున్నాయన్నాడు. మాస్టరును అడగనే లేదు. డబ్బా మూతపెట్టి గూట్లో పెట్టింది. "రుచి జెప్పే నోరు దొరుకకుంటె ఈ యేడుతోని బందు," అంది. కోడలు నాకేసి చూసింది. పెద్దమ్మ ఊరికే అనే మనిషి కాదు. పాలు కూడా ఇలాగే, ఒక్క మాటతో పోయాయి.

దసరా పొద్దున ఆమె డబ్బా చంకన పెట్టుకుని గడప దగ్గర నిలబడి ఉంది. లోపలికీ పోదు, బయటికీ పోదు. నేను చెప్పులేసుకుని, "నడువు పెద్దమ్మా, అక్కడిదాకా పోయి చూద్దాం," అన్నాను. వచ్చింది.

షెడ్డు కింద పదిపదిహేను మంది ఉన్నారు. అందరికంటే ముందు, స్తంభానికి ఆనుకుని ఒక నడివయసు ఆమె కూర్చుని ఉంది. ఆత్మకూరు వైపు నుంచి ఇళ్ల కట్టుబడి పనికి వచ్చినవాళ్లు, భర్తకు జ్వరం. పెద్దమ్మ అలవాటుగా డబ్బా మూత తీసి ముందుకు చాపింది. "తీస్కో బిడ్డా, దసరా."

"వద్దవ్వా," అంది ఆమె. "మేము అడుక్కునేటోళ్లం గాదు. పనికొచ్చినోళ్లం."

పెద్దమ్మ చెయ్యి ఆగింది. కోపమేమో అనుకుని నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఈలోగా పెద్దమ్మ తన మోకాళ్లు పట్టుకుని, ఆ స్తంభం పక్కనే నేల మీద కూర్చుంది.

"నేను ఇస్తలేను బిడ్డా, అడుగుతున్న. నా నోరు పోయింది. తీపి తెల్వదు, చేదు తెల్వదు. జర తిని చెప్పు, ఎట్లున్నయో."

"నేనే ఎందుకు? గింతమంది ఉండంగ."

"నువ్వు మొఖమ్మీద వద్దన్నవ్ గద. నువ్వైతె నిజం జెప్తవ్."

ఆమె పెద్దమ్మను పైనుంచి కిందికి చూసింది. "ఏం గలిపినవో ముందుగాల నువ్వు తిను," అంది. పెద్దమ్మ ఒకటి తిన్నది. అప్పుడు ఆమె ఒకటి తీసుకుని, సగం విరిచి, తొందర లేకుండా నమిలింది.

"ఉప్పు లేదు."

"వేసినట్టే గుర్తు."

"వేస్తె నాకు తెల్వదా? బెల్లం ఉన్నకాడ రవ్వంత ఉప్పు పడాలె. లేకుంటె సప్పగుంటది." మిగతా సగం కూడా నోట్లో వేసుకుంది. ముఖం కొంచెం ముడుచుకుంది. "నువ్వులు మాడినయ్."

"మాడినయా?"

"మాడినయ్. ఆఖరుకు చేదొస్తాంది. వాసన గూడ తెల్వలేదా అవ్వా?"

"తెల్వలే."

ఆ ఒక్క మాట అన్న తీరు విని కావచ్చు, ఆత్మకూరు ఆమె గొంతు తగ్గించింది. "మరీ చేదేం గాదు. ఇయ్యి, తింటరు."

"తింటరు బిడ్డా. ఆకలైనోడు ఏదన్న తింటడు. అందుకే గద నిన్ను అడిగింది." డబ్బా మూత బిగించింది. "పొద్దుగూకేవరకు మళ్ల చేసుకస్త. ఉంటవు గద?"

"యాడికి పోత!"

ఇంటికి వస్తూ దారిలో నేను అడగకుండా ఉండలేకపోయాను. పండుగ పూట ఇంత పట్టింపు దేనికని.

"పట్టింపు గాదు సారూ. కాశిల పాలు ఇడిసిన. అది నేను ఇడిసింది. గిది నన్ను అడగకుంటనే పోయింది. ఇడిసింది వేరు, పోయింది వేరు." కొంచెం దూరం నడిచాక మళ్లీ అంది. "ఎట్లుందో తెల్వకుంట పెడితె, ఇచ్చినట్టు గాదు, పారవోసినట్టు."

ఈసారి నువ్వులు కోడలు వేయించింది. పెద్దమ్మ పక్కన నిలబడి, "వాసనొచ్చిందా? గిప్పుడు? గిప్పుడు?" అని పదిసార్లు అడిగింది. "అత్తమ్మా, నన్ను గూడ ఏంచుతవా ఏంది!" అంది కోడలు.

బేకరీ షట్టరు సగం దించి ఉంది. లోపల బట్టికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, ముందర నిమ్మకాయ కోసి పెట్టారు. దసరా నాడు పనిముట్లకు పూజ చేశాక ఆ రోజంతా వాటిని ముట్టరు. మాస్టరు కొత్త చొక్కా వేసుకుని ఉన్నాడు.

"ఇయ్యాల గాదు పెద్దమ్మా. పూజల ఉన్న బట్టి. మీ ఇంట్ల మగ్గం ఇయ్యాల నడుస్తదా?"

"నడువదు," అంది పెద్దమ్మ.

"మరి?"

పెద్దమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చుంది. మాస్టరు లోపలికి పోయి వచ్చాడు. కూర్చునే ఉంది. జమ్మిచెట్టు దగ్గరికి పోయే వేళ దాటిపోతున్నదని ఎవరో పిలిస్తే వాకిట్లోకి పోయి వచ్చాడు. కూర్చునే ఉంది. చివరికి లోపలినుంచి అతని భార్య అరిచింది. "ఎంతసేపు కూసోవెడ్తవయ్యా ముసలామెను! పూజ చేసింది నువ్వే గద, నువ్వే మొక్కి ముట్టియ్యి."

మాస్టరు కొత్త చొక్కా విప్పి గోడకు తగిలించాడు. బంతిదండ తీసి పళ్లెంలో పెట్టి కళ్లకద్దుకున్నాడు.

"పాపం వస్తె నీకే రావాలె పెద్దమ్మా."

"నాకే రానీ. గా నిమ్మకాయ పక్కకు జరుపు. ఇంకోటి మాడనియ్యకు."

మేము మళ్లీ దవాఖాన చేరేసరికి పొద్దు వాలుతోంది. రోడ్డు మీద జనం జమ్మి ఆకు చేతుల్లో పెట్టి, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటున్నారు. షెడ్డు కింద స్తంభం దగ్గర చాప లేదు. జ్వరం దిగిందని మధ్యాహ్నమే పంపించేశారట. ఆత్మకూరు ఆమె కొంతసేపు గేటు దగ్గర నిలబడి, ఎదురుచూసి, మొగుణ్ని పట్టుకుని ఆటో ఎక్కిందని పక్క చాప మీది మనిషి చెప్పాడు.

పెద్దమ్మ డబ్బా పట్టుకుని షెడ్డు మధ్యలో నిలబడింది. పొద్దున తెచ్చినవాటిలో కనీసం ఏం తప్పో తెలిసింది. ఇవి ఎట్లున్నాయో ఆమెకు తెలియదు. తిరిగి ఇంటికి తీసుకుపోతుందేమోనని నాకు భయం వేసింది. తీసుకుపోతే మళ్లీ ఎప్పటికీ రాదని కూడా.

మూత తీసింది. "చూడుండ్రి," అంది గట్టిగా. "గీ బిస్కెట్లు ఎట్లున్నయో నాకు ఎర్కలేదు. నా నోరు పనిచేస్తలేదు. తీస్కున్నోళ్లు తిని చెప్పాలె. ఉత్తగ తీస్కోవద్దు."

ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, ఇచ్చి, వాళ్లు నమిలేదాకా ఎదురుగా నిలబడింది. "మంచిగున్నయమ్మా." "దండం తల్లీ, బాగున్నయ్." "దేవుడు సల్లగ సూడాలె." ఎవరిని అడిగినా అదే మాట. ఊరికే వచ్చినదాన్ని పట్టుకుని ఎవరు వంక పెడతారు? ప్రతి మెప్పుకూ ఆమె భుజాలు కొంచెం దిగుతున్నాయి. డబ్బా సగమైంది.

గోడ వారన ఒక ముసలాయన ఉన్నాడు. కొడుకు లోపల ఉన్నాడట. ఆయన బిస్కెట్ మొత్తం తిని, వేళ్లు దులుపుకుని, పక్కకు చూశాడు. పెద్దమ్మ కదలలేదు.

"పండుగ పూట కోపం జేస్కోకు గాని..." అన్నాడు.

"చెప్పు."

"ఉప్పు జర ఎక్కువైనట్టున్నది."

పెద్దమ్మ ఆయన చాప కొస మీద కూర్చుండిపోయింది. "ఎక్కువైందా! ఎంత ఎక్కువైంది?"

ఆయన కంగారుపడి బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి చూపించాడు. ఆమె కూడా తన వేళ్లను అలాగే పట్టి, ఆయన వేళ్ల పక్కన పెట్టి కొలిచింది.

"గింతనా?"

"ఆఁ, గింతనే. అంతకెక్కువ లేదు."

"నువ్వులు?"

"నువ్వులు మంచిగ ఏగినయ్."

ఆమె అక్కడే కూర్చుని, ఇంకా తీసుకోనివాళ్ల వైపు తిరిగి, డబ్బా ఎత్తి చూపించింది.

"రాండ్రి, తినుండ్రి," అంది. "మంచిగున్నయంట."